నీటి బ్రాహ్మి: పెరటి పెంపకము
(మన సంఘము వారపు కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



పూలమొక్క లనగానే మనకు మల్లెయు, గులాబియు, చేమంతియు స్ఫురించును. నేలనంటి ప్రాకుచు, తడిగల చోటనే వర్ధిల్లుచు, ఏండ్ల తరబడి నిలిచి చిన్నచిన్న పూలు పూయు మన దేశపు మొక్క నొకదానిని గూర్చి నేడు విన్నవింపదలచితిని. అదియే నీటి బ్రాహ్మి. చెరువుల యంచులను, వరిపొలముల కాలువలను అది తనంతట తానే పెరుగును. దీనికి సాంబ్రాణి ఆకు అను పేరును కలదు గాని, మనము ధూపము వేయు సాంబ్రాణితో దీనికి సంబంధము లేదు. శాస్త్రజ్ఞులు దీనిని బాకోపా మొన్నియేరి అందురు.

మొదట పేరు చిక్కును విప్పుకొనవలెను. పరభాషా ప్రాంతములందు స్థిరపడిన మన కిది మిక్కిలి ముఖ్యము. మనము సరస్వతి ఆకు అనునది వేరొక మొక్క. దానిని తమిళులు వల్లారై యనియు, కన్నడిగులు ఒందెలగ యనియు, ఒడియావారు థాల్‌కుడి యనియు పిలుతురు. కర్ణాటకమునను, మహారాష్ట్రమునను దానినే బ్రాహ్మి యనుటయు కలదు. భారత ఆయుర్వేద ఫార్మకోపియాలో మాత్రము బ్రాహ్మి యనగా నీటి బ్రాహ్మియే. సరస్వతి ఆకునకు మండూకపర్ణి యని పేరు. ఇంటిలో అవ్వ “బ్రాహ్మి తెమ్ము” అనినచో, బెంగుళూరున మనుమడు ఒకటి తెచ్చును, అవ్వ మనసులో నున్నది మరియొకటి.

కావున పేరును నమ్మక ఆకును చూడవలెను. సరస్వతి ఆకు గుండ్రముగా, కప్ప పాదమువలె, అంచున నొక్కులు కలిగి పొడవైన కాడపై నిలుచును. నీటి బ్రాహ్మి ఆకు చిన్నది. ఒకటి రెండు సెంటీమీటర్లకు మించదు. అది గరిటె ఆకారముగా, కండ గలిగి, కాడ లేక, కణుపునకు రెండేసి చొప్పున ఎదురెదురుగా నుండును. నమిలిన చేదు. ఆకు పంచన సన్నని కాడపై ఒంటరిగా, అయిదు రేకులతో, తెలుపునకు లేత నీలము కలిసిన పువ్వు పూయును.

కాలువ గట్టున ఊరకయే దొరకు దానిని పెరటిలో పెంచనేల యని మీ రడుగవచ్చును. దీనికి కారణము కలదు. ఈ మొక్క నీటిలోని సీసము, కాడ్మియము, క్రోమియము వంటి లోహములను పీల్చి తనయందు నిలుపుకొనును. పట్టణపు మురుగును, కర్మాగారముల నీరును పారు చోట పెరిగిన ఆకు చూపునకు పచ్చగానే యుండును, కడుపునకు మాత్రము కీడు చేయును. బిడ్డల కిచ్చు ఆకు ఏ నీట పెరిగినదో మన మెరిగి యుండవలదా?

పెంపకము సులభము. తొలకరి వానలు పడిన పిమ్మట, జూన్, జూలై మాసములందు నాటుట మేలు. అయిదు మొదలు పది సెంటీమీటర్ల పొడవు గల కొమ్మముక్కలను, రెండు మూడు కణుపు లుండునట్లు త్రుంచి, ఒక కణుపు మట్టిలో మునుగునట్లు నాటవలెను. ప్రతి కణుపునను వేళ్లు పుట్టును. ముక్కకును ముక్కకును పది సెంటీమీటర్లు విడిచిన చాలును. లోతు తక్కువగా, వెడల్పుగా నుండు కుండీ మంచిది. రెండు పాళ్లు బంకమట్టికి ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపుడు. కుండీని నీటి పళ్లెరములో నుంచినచో మట్టి ఎన్నడును ఆరదు. షోలాపురము వంటి మెట్టప్రాంతములందు ఈ యేర్పాటు లేనిదే వేసవి గడవదు. దోమలు చేరకుండ పళ్లెరములోని నీటిని రెండు మూడు దినముల కొకసారి పారబోసి మార్చవలెను. బియ్యము కడిగిన నీరు పోయవచ్చును. సబ్బు నీరు తగదు. కొంచెము ఉప్పదనమును ఈ మొక్క ఓర్చుకొనును గనుక యానామున గోదావరి ముఖద్వార ప్రాంతపు వారికిని పనికివచ్చును. ఎండ కావలెను గాని, వైశాఖ జ్యేష్ఠములందు మధ్యాహ్నపు నీడయు కావలెను. గొంగళిపురుగులు పట్టినచో చేతితో ఏరివేసి, వేపనూనె కలిపిన నీటిని చల్లుడు. చలి ముదిరిన పెరుగుదల మందగించును గాన అక్టోబరు, నవంబరులందు మొదట నాలుగైదు సెంటీమీటర్లు విడిచి కోసినచో మరల చిగిర్చును. కోసిన ఆకును నీడనే యెండబెట్టవలెను.

దీని గుణములను గూర్చి ఒక మాట. లక్నో నగరమందలి కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1960వ దశకమున దీనిలోని బాకోసైడు లను పదార్థములను వేరుచేసి వివరించిరి. జ్ఞాపకశక్తిని గూర్చిన పరీక్షలందు కొంత మేలు కనబడినది. అయినను పరీక్షకు ముందు నాలుగు దినములు తిని బిడ్డ మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడగు ననుట వట్టిమాట. కొందరికి దీనివలన వికారమును, విరేచనములును కలుగును. మందుగా వాడదలచినవారు, ముఖ్యముగా గర్భిణులును, ఇతర మందులు పుచ్చుకొనువారును, వైద్యుని యడిగియే వాడవలెను. మందు మాట ఎట్లున్నను, పచ్చని చాపవలె పరచుకొని, వెచ్చని నెలలన్నిట తెల్లని పూలు పూయు మొక్క కన్నులకు విందు.

సోదరులారా! చెన్నపురి నుండి బరంపురము వరకు మన బిడ్డలు బడిలో వేరు భాష చదువుదురు, వీధిలో వేరు పేర్లు విందురు. ఆ పేర్లను నేర్చుటయు మంచిదే. కాని కుండీ ప్రక్కన నిలిపి, “ఇది నీటి బ్రాహ్మి, అది సరస్వతి ఆకు” అని ఆకును తాకించి చెప్పువారు ఇంటిలో లేకున్నచో, ఆ రెండు తెలుగు మాటలును మన తరముతోనే ముగియును. వచ్చు తొలకరికి ప్రతి యింట నొక కుండీ వెలయును గాక. నాటినవారు మొలచిన కొమ్మలను పొరుగువారికిని పంచుదురు గాక.