కావాలి, రావాలి... మధ్యలో ఏముంది?

పోయిన ఎపిసోడ్ కింద ఒకరు అడిగారు, "అన్నా, నినాదాలకి నిజంగా ఓట్లు పడతాయా?" అని. ఎన్ని పడతాయో లెక్క కట్టడం కష్టం. కానీ నినాదం మన బుర్రలో ఎలా పనిచేస్తుందో మాత్రం చూడొచ్చు. ఇవాళ ఏ పార్టీనీ పొగడను, తిట్టను. మీరూ కామెంట్లలో కొట్టుకోకండి, ప్లీజ్.

మూడు ఎన్నికలు తీసుకుందాం. 2014లో తెలుగుదేశం నినాదం "జాబు కావాలంటే బాబు రావాలి". 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రచార పాట పేరు "రావాలి జగన్, కావాలి జగన్". 2023లో తెలంగాణ కాంగ్రెస్ది "మార్పు కావాలి, కాంగ్రెస్ రావాలి". మూడు వేర్వేరు పార్టీలు, అవే రెండు మాటలు!

ఒక కారణం ప్రాస. ప్రాస కుదిరిన మాట సామెతలా వినిపిస్తుంది. సామెతని పట్టుకుని "దీనికి ఆధారం ఏంటి?" అని ఎవరడుగుతారు?

అసలు కిటుకు ఇంకోటుంది. జాబు నినాదాన్ని మళ్లీ నిదానంగా చదవండి. బాబు వస్తే జాబు వస్తుందని అందులో ఎక్కడుంది? వాన పడాలంటే మబ్బు పట్టాలి. మబ్బు పట్టిన ప్రతిసారీ వాన పడిందా? వాక్యం చెప్పింది ఒకటి, మనం విన్నది ఇంకోటి. ఆ ఖాళీని నింపుకున్నది మనమే, అందుకే అంత గట్టిగా నమ్ముతాం. ఎన్ని ఉద్యోగాలు, ఏ శాఖలో, ఎప్పటిలోగా అన్నవి కావాలికీ రావాలికీ మధ్య ఎక్కడో జారిపోయాయి. మిగతా రెండు నినాదాల్లోనూ అంతే.

2019లోనే "నేను విన్నాను, నేను ఉన్నాను" అని ఇంకోటి వచ్చింది. నా లెక్కలో ఇది చాలా తెలివైనది. 3,648 కిలోమీటర్లు నడిచిన మనిషి "విన్నాను" అంటే కాదనలేం కదా. ఆ నిజం భుజం మీదెక్కి "ఉన్నాను" కూడా లోపలికొచ్చేస్తుంది. మొదటిది జరిగిపోయిన విషయం, రెండోది ఇంకా జరగాల్సిన విషయం. ఒకేలా వినిపించడంతో తేడా పట్టుకోలేం.

1983 ఎన్నికల్లో ఎన్టీఆర్ ఆత్మగౌరవం అన్నారు, పక్కనే కిలో రెండు రూపాయల బియ్యం అన్నారు. ఆత్మగౌరవాన్ని తూకం వెయ్యలేం. బియ్యం ధర సంగతి మాత్రం రేషన్ షాపు క్యూలో తేలిపోతుంది. 2023లో కాంగ్రెస్ ఆరు గ్యారంటీలకి వంద రోజులు అంది కాబట్టే, ప్రతిపక్షం రోజులు లెక్కపెట్టగలిగింది. అంకె చెప్పినవాళ్లు దొరికిపోతారు. అందుకే నినాదాల్లో అంకెలు అంత తక్కువ.

ఇక చివరిది, నేను చేసిన వెధవ పని. మొన్నటి ఎన్నికలప్పుడు ఒక చిన్న క్లిప్ వచ్చింది. ఒక నాయకుడు మైకులో "పింఛన్లు ఆపేస్తాం" అంటున్నాడు. ఒళ్లు మండి ఫ్యామిలీ గ్రూపులో పడేశాను. అరగంటలో మామయ్య ఫోన్. "పూర్తి వీడియో చూశావురా?" అన్నాడు. చూస్తే అసలు మాట ఇది: "పింఛన్లు ఆపేస్తాం అని మా మీద అబద్ధాలు ప్రచారం చేస్తున్నారు."

తెలుగులో "అని" వాక్యం మధ్యలో వస్తుంది. దానికి ముందు కత్తెర పడితే చాలు, ఖండించినవాడే అన్నట్టయిపోతుంది. ఏఐ అక్కర్లేదు, డీప్‌ఫేక్ అక్కర్లేదు. గొంతూ నిజమే, మొహమూ నిజమే. అప్పట్నుంచి క్లిప్ టక్కున ఆగిపోతే ఆ తర్వాతి మాట ఏమై ఉంటుందా అని వెతుకుతున్నాను.

క్లిప్ డిలీట్ చేసి ఇంటికెళ్లేసరికి మా నానమ్మ మందుల చీటీ ముందేసుకుని కూర్చుంది. పింఛను ఆగిపోతే ఏ మాత్రలు మానేయాలో చూసుకుంటోందట. "అది అబద్ధం నానమ్మా, ఎవడో కట్ చేసి పెట్టాడు" అన్నాను.

"ఎవడో ఏంట్రా? నాకు పంపింది నువ్వేగా" అంది.