చదువున వెనుకబడిన బిడ్డ – కంప్యూటరు పరీక్ష

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



ధవళేశ్వరము వద్ద గోదావరి 11.75 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక యిత్తురు. కంటితో చూచి అంచనా కట్టరు. కొలబద్దను చూతురు, మరల మరల చూతురు. బిడ్డ బుద్ధి విషయమున మాత్రము మనము ‘వీడు మొద్దు’ అని ఒక్క మాటతో తీర్పు చెప్పివేయుచున్నాము.

మూర్ఛవ్యాధిలో ఒక రకము కలదు. బిడ్డ క్రింద పడడు, కొట్టుకొనడు. కొన్ని సెకండ్లపాటు చూపు నిలిచిపోవును, పిలిచినను పలుకడు, అంతలో మామూలగును. బడిలో దీనిని పరధ్యానమనుకొని బెత్తముతో మందు వేయుదురు! దినమునకు ఇట్టివి పలుమార్లు వచ్చినచో పాఠమెట్లు తలకెక్కును?

ఇట్టి పిల్లలకు నేడు కంప్యూటరుతో పరీక్ష చేయు పద్ధతి యున్నది. తెరపై బొమ్మ కనబడగానే బిడ్డ మీట నొక్కవలెను. ఎంత ఆలస్యమైనదో యంత్రము సెకండులో వెయ్యవ వంతు వరకు లెక్కించును. ఎన్ని బొమ్మలు తప్పిపోయినవో, ఎన్ని జ్ఞాపకమున్నవో వ్రాసిపెట్టును. మందు మొదలిడక మునుపొకసారి, తరువాత నొకసారి చేసినచో మార్పు తెలియును. కొన్ని మూర్ఛ మందులే బుద్ధిని మందగింపజేయవచ్చును గనుక డాక్టరునకు ఈ లెక్క మిక్కిలి అక్కర.

అయితే వ్యాధి పేరు యంత్రము చెప్పదు. అది డాక్టరు, మనస్తత్వ నిపుణుడు తేల్చవలసినది. సూచనలు ఇంగ్లీషులోనున్న పరీక్ష లంక గ్రామపు పిల్లవాని తెలివిని గాక ఇంగ్లీషును కొలుచును. ‘తెలుగులో చెప్పి చేయండి’ అని తల్లిదండ్రులు అడుగుటలో తప్పులేదు.

హైదరాబాదుతో సహా దేశమున 5 చోట్ల జరిపి 2018లో ప్రకటించిన పరిశీలనలో, 2 మొదలు 9 ఏండ్ల పిల్లలలో సుమారు 8 మందికి ఒకరికి మెదడు, నరముల ఎదుగుదలకు సంబంధించిన లోపము, చూపు వినికిడి లోపములతో కలిపి, ఏదో ఒకటి కనబడినది. మీ వార్డులో పిల్లలెందరో లెక్కించుకొనుడు.

ఇది ఆసుపత్రి పని యందురేమో! రాజ్యాంగము 11వ షెడ్యూలులో 26వ అంశముగా వికలాంగుల సంక్షేమము పంచాయతీల విషయములలో చేరియున్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ప్రకారము వైద్యబృందము అంగన్‌వాడీకి ఏటా 2 మారులు, ప్రభుత్వ బడికి 1 మారు రావలెను. లోపము కనబడిన బిడ్డను జిల్లా కేంద్రమునకు ఉచిత చికిత్సకై పంపుదురు. అక్కరయైనచో అక్కడినుండి పెద్ద ఆసుపత్రికి. చిక్కంతయు నడుమనే యున్నది. కూలి పోవునని తల్లి ఆ చీటిని డబ్బాలో దాచును. ఆశా కార్యకర్తను వెంటబెట్టుకొని, ఎవరికి చీటి వ్రాసిరి, ఎవరు పోలేదు అని నెలకొకమారు విచారింపుడు. తోడు లేనివారికి తోడు నేర్పరచుడు.

మరొక్క మాట. మూర్ఛ గల బిడ్డను కాలువ రేవునకు ఒంటరిగా పంపకుడు. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవులు పెట్టక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. డాక్టరు చెప్పనిదే మందు మాన్పింపకుడు.