ఇల్లు, బండి – శుభ్రం చేసుకునే తీరు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ప్రతి ఏటా చదువుల గురించి, ఉద్యోగాల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని ఇల్లు, బండి శుభ్రం చేసుకొనే విషయం చెప్పమన్నారు. సంగతి తెలిసి ఒకరిద్దరు నవ్వారు. "మాస్టర్ సాబ్, పొరక పట్టడం కూడా నేర్పుతారా?" అన్నారు. పొరక పట్టడం మీకు తెలుసు. తెలియనిది మరొకటి ఉన్నది. అది మాకూ తెలియలేదు. తెలిసే సరికి మా అమ్మీ ప్రాణం మీదికి వచ్చింది. అందుచేత ముందుగా ఆ సంగతే మనవి చేస్తాము.

2009 అక్టోబర్ 2వ తేదీన మన కర్నూలులోకి తుంగభద్ర, హంద్రీ నీళ్ళు వచ్చిన రోజు ఇక్కడ పెద్దలెవ్వరూ మరచిపోయి ఉండరు. మా ఇల్లు పాతబస్తీలో ఉండేది. నీళ్ళు తీసిన తర్వాత తలుపు తోస్తే రాలేదు. లోపల మోకాటిలోతు బురద. బీరువా బోర్లా పడి ఉన్నది. పుస్తకాలు ముద్దలైనవి. అందరమూ కలిసి తట్టలతో ఎత్తిపోశాము. పచ్చిగా ఉండగా ఎత్తిన గదులు త్వరగా బాగయ్యాయి. రేపు చూద్దామని వదిలిన గదిలో మాత్రం బురద గట్టిపడి గడ్డపారతో తవ్వవలసి వచ్చింది. శుభ్రతకు మొదటి పాఠం అక్కడే దొరికింది. మురికి పచ్చిగా ఉన్నప్పుడు గుడ్డతో పోతుంది, ఎండితే గడ్డపార అడుగుతుంది.

వారం తర్వాత వీధిలో బ్లీచింగ్ పౌడరు పంచారు. అమ్మీ స్నానాలగదిలో అది చల్లారు. వాసన పోలేదని, త్వరగా పోవాలని, దాని మీదే మరుగుదొడ్డి యాసిడ్ పోశారు. చిన్న గది, తలుపు దగ్గరగా వేసి ఉన్నది. దగ్గు వినపడి మేము పరుగెత్తే సరికి ఆమె గోడ పట్టుకొని కూలబడి ఉన్నారు. కండ్లు ఎర్రబడి ఊపిరి అందడం లేదు. ఎత్తుకొని వీధిలోకి తెచ్చాము. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. దగ్గు మాత్రం చాలా నెలలు పోలేదు. ఇప్పటికీ బ్లీచింగ్ వాసన తగిలితే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు.

సోదరులారా, సిగ్గుపడవలసిన విషయం ఇంకా చెప్పలేదు. మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పే పంతులము. బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ ఉంటుందని, దానికి ఆమ్లం తగిలితే ఆ క్లోరిన్ వాయువుగా బయటకు వస్తుందని పదవ తరగతి పిల్లలచేత బోర్డు మీద రాయించేవాళ్ళము. మా తరగతి గది నుండి మా ఇంటికి అర మైలు. పాఠం ఆ అర మైలు నడిచి రాలేదు.

కాబట్టి తల్లులారా, మిగతావన్నీ మరచిపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. రెండు మందులు కలపకండి. బ్లీచింగుతో యాసిడ్ కలపరాదు. వెనిగర్, నిమ్మరసం కూడా దానితో కలపరాదు. అమ్మోనియా ఉండే అద్దాల మందు కూడా దానితో చెడ్డ వాయువునే పుట్టిస్తుంది. ఒకటి వాడితే బాగా నీళ్ళు పోసి కడగండి. రెండవది కావాలంటే మరొక రోజు చూసుకోండి. కిటికీ, తలుపు తెరిచి ఉంచండి. పొరపాటున ఘాటు వాయువు వస్తే దాని మీద నీళ్ళు పోద్దామని నిలబడకండి, వెంటనే ఆరుబయటికి వచ్చేయండి. క్లోరిన్ గాలి కన్నా బరువు, కిందనే నిలుస్తుంది. కూర్చొని బండలు రుద్దేవారికి, చంటిపిల్లలకు అది ముందుగా తగులుతుంది.

మరొక మాట. బండి మీద అమ్మే యాసిడ్‌ను చాలా ఇండ్లలో కూల్‌డ్రింకు సీసాలో పోయించుకుంటారు. పిల్లవాడికి అది కూల్‌డ్రింకే. ఆ అలవాటు ఈ రోజుతో మానండి.

ఇక బండల సంగతి. మన ఇండ్లలో ఎక్కువగా ఉన్నవి బేతంచెర్ల బండలు, కడప బండలు. ఇవి సున్నపురాయి జాతి. యాసిడ్ పోస్తే బుస్సుమని నురగ వస్తుంది. మురికి పోతున్నదని సంతోషిస్తాము గాని, అక్కడ పోయేది బండే. నునుపు పోయి, గరుకు తేలి, ఆ గరుకులో మరునాటి నుండి ఇంకా ఎక్కువ మురికి పడుతుంది. పాలరాయికి, మొజాయిక్‌కూ ఇదే గతి. నిమ్మకాయ కూడా వాటి మీద వాడకండి. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, కొబ్బరి పీచు, పావుగంట నాననివ్వడం. ఇంతే చాలు. కుళాయికి పట్టిన తెల్లని ఉప్పు పొరకు మాత్రం నిమ్మరసంలో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే రుద్దకుండానే వదులుతుంది. చుక్కలు కింద బండ మీద పడకుండా గిన్నె పెట్టుకోండి.

వంటింట్లో కూడా బలం కన్నా నానబెట్టడమే మేలు. పొయ్యి మీద జిడ్డుకు వేడినీళ్ళ సబ్బు గుడ్డ పరిచి పావుగంట వదిలితే, తర్వాత ఒక్క తుడుపుతో పోతుంది. మాడిన స్టీలు గిన్నెలో నీళ్ళు, చెంచాడు వంటసోడా వేసి మరిగించండి. అల్యూమినియం కుక్కరుకు మాత్రం సోడా పనికిరాదు, నల్లబడుతుంది. నల్లబడినదాన్ని చింతపండు నీళ్ళతో మరిగిస్తే తెల్లబడుతుంది. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే పొంగుతుంది కదా అని కొందరు ఆ రెండూ కలుపుతారు. అందులో హాని లేదు, లాభమూ లేదు. ఒకదాని గుణాన్ని మరొకటి చంపేస్తుంది. విడివిడిగా వాడండి. మిక్సీ, ఫ్యాను తుడిచే ముందు కరెంటు తీసేయండి. ఫ్యాను రెక్కకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్ము పరుపు మీద పడదు.

బ్లీచింగ్ ఎప్పుడు వాడాలి అంటారా? ముందు సబ్బుతో మురికి తీసి, ఆ తర్వాత. మురికి మీదే చల్లితే దాని శక్తి మురికికే ఖర్చయిపోతుంది, క్రిములకు మిగలదు.

వారానికి ఒక రోజు నీళ్ళు నిలిచే చోట్లన్నీ చూడాలి. కూలరు, పూలకుండీ కింది పళ్ళెం, ఫ్రిజ్ వెనుక తట్ట, మిద్దె మీద పాత టైరు. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చే దాకా సుమారు వారం, పది రోజులు. అందుకే వారం గడువు. నీళ్ళు పారబోస్తే చాలదు. గుడ్లు పాత్ర గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి, పీచుతో రుద్దాలి. ఆరోగ్య సిబ్బంది శుక్రవారాన్ని డ్రై డే అంటారు. జుమాకు స్నానం చేసే ముందు ఈ పని ముగించుకుంటే మరచిపోవడం ఉండదు.

ఇప్పుడు బండ్లకు వద్దాము. మన సభ్యుల్లో ఆటో, టాక్సీ మీద బతికేవారు చాలామంది. వారికి బండే అంగడి. ఎర్రటి ఎండలో బండి కడగకండి. నీళ్ళు తుడవక ముందే ఆరి, ఉప్పు మరకలు నిలుస్తాయి. దుమ్ము మీద పొడిగుడ్డ వేయకండి. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది, రంగు మీద గీతలు పడతాయి. ముందు నీళ్ళతో దుమ్ము దించి, పై నుండి కిందికి కడగండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీళ్ళకు, ఒకటి గుడ్డ జాడించడానికి. పైపు వదిలేసి కడిగితే వంద లీటర్లు ఇట్టే పోతాయి. అదే పని మూడు, నాలుగు బకెట్లతో అవుతుంది. చెట్టు కింద పెట్టిన కారు మీద పిట్ట రెట్ట పడితే ఆ రోజే తడిగుడ్డ వేసి నానబెట్టి తీయండి, ఎండలో ఉంటే రంగు తింటుంది. కాళ్ళ కింది పట్టాలు తడిగా వేయకండి, లోపల బూజు వాసన పడుతుంది. కడిగిన తర్వాత బయలుదేరేటప్పుడు ఒకటి రెండుసార్లు మెల్లగా బ్రేకు నొక్కి చూసుకోండి.

బ్యాటరీ కొనల మీద తెల్లగా, నీలంగా పూత పూస్తుంది. చేతికి తొడుగు వేసుకొని, ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పి, వంటసోడా నీళ్ళలో ముంచిన పాత బ్రష్షుతో రుద్ది, తుడిచి ఆరనివ్వండి. బిగించేటప్పుడు ముందు ప్లస్. మోటారు సైకిల్ గొలుసును ఇంజను నడుస్తుండగా తుడవకండి. గుడ్డతో పాటు వేలు కూడా పోతుంది. చక్రం చేత్తోనే తిప్పుకోవాలి.

ఇవన్నీ ఆడవారి పని అని లేచి పోబోతున్న యువకులకు ఒక మాట. మోటారు సైకిల్‌ను అద్దంలా తుడిచే చేతులకు స్నానాలగది రుద్దడం బరువు కాదు. ఆ రోజు మేము అమ్మీ చేతిలోని పొరక తీసుకొని ఉంటే ఈ ప్రసంగం అవసరమే ఉండేది కాదు.

చివరగా, పంతులము కాబట్టి ఇంటిపని ఇస్తాము. సీసాల మీది అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి, కొన్ని తెలుగులో. మా అమ్మీ చదవగలిగేది ఉర్దూ ఒక్కటే. ఆసుపత్రి నుండి వచ్చిన తర్వాత మేము చేసిన మొదటి పని, ప్రతి సీసా మీద కాగితం అంటించి, ఇది ఏమిటి, దేనితో కలపరాదు అని ఉర్దూలో రాయడం. పిల్లలారా, ఈ రాత్రి ఇంటికి వెళ్ళి మీరూ అదే చేయండి. రాసేది మీకు వచ్చిన భాషలో కాదు, ఆ సీసా వాడే మనిషి చదివే భాషలో. నానీకి చదువు రాకపోతే పక్కన కూర్చొని నోటితో చెప్పండి, తిరిగి ఆమెచేత చెప్పించుకోండి. మార్కులు మేము వేయము. నానీ వేస్తారు.