విద్యార్థివేతనము భిక్ష గాదు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలలకు చుట్టుపట్ల పల్లెలనుండి కూలివాండ్ర బిడ్డలును, కౌలురైతుల బిడ్డలును వచ్చి చదువుచున్నారు. అట్టివారి కళాశాల ఫీజును ప్రభుత్వమే భరించు పథకము 2008లో ఏర్పడినది. వెనుకబడిన తరగతుల కుటుంబముల వార్షికాదాయము గ్రామములందు 1,50,000, పట్టణములందు 2,00,000 రూపాయలకు మించరాదని నియమము.

ఇది భిక్ష గాదు, హక్కు. అయినను మీ-సేవ ద్వారా పొందవలసిన ఆదాయ ధ్రువపత్రము ఆలస్యమైనచో, ఆధారులోని పేరునకును పదవతరగతి పత్రములోని పేరునకును ఒక్క యక్షరము భేదించినచో, ఆ హక్కు చేయి జారును. ఏటేట దరఖాస్తును పునరుద్ధరింపవలయును. హాజరు నూటికి 75 ఉండవలయును.

అన్నియు సక్రమముగా నున్నను, ప్రభుత్వము బాకీ తీర్పనిచో, చదువు ముగించినవారికి కొన్నిచోట్ల ధ్రువపత్రములు చేతికి రావు. 2025 నవంబరులో తెలంగాణమందలి ప్రైవేటు కళాశాలలు పెక్కు ఈ బకాయిలకొరకే మూతపడినవి. అప్పు ప్రభుత్వముది; శిక్ష విద్యార్థికా?

కావున పట్టణవాసులారా! దరఖాస్తుల కాలమున ప్రతి పఠనమందిరమునందును ఒక బల్ల వేయుడు. బిడ్డల పత్రములు సరిచూచి పంపుడు. బకాయిలను గట్టిగా నడుగుడు. ఒక్క కాగితము లేనందున ఒక్క బిడ్డయు చదువు మానుట మన పట్టణములకు తలవంపు.