దుమ్ముగూడెపు పనులలో ప్రార్థనాకూటము



ప్రభుత్వోద్యోగులు తీరికవేళ ఒకచోట కూడి ప్రార్థన చేసికొనుట నిన్నమొన్నటి యాచారము కాదు. తెలుగునాట దాని తొలిజాడలలో నొకటి భద్రాచలమునకు ఎగువ, గోదావరి యొడ్డున, దుమ్ముగూడెమున గానవచ్చును. అచ్చట దానిని నెలకొల్పినవారు మతగురువులు కారు. నదికి అడ్డుకట్ట కట్టవచ్చిన ఇంజనీర్లు.

వారిలో ముఖ్యుడు ఫెలిక్స్ థాకరే హేగ్. ఈ పేరు మరచినను ఆయన చేతిపనిని కోనసీమవారు మరువలేరు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన కాలమున, వైనతేయపాయ మీదుగా నాగరపులంకకు నీరు దాటించుటకు 49 ఖానాలతో గన్నవరపు అక్విడక్టును కట్టించినవాడు ఆయనయే. సర్ ఆర్థర్ కాటన్ మనస్సులో అంతకంటె పెద్ద యూహ యొకటి యుండెను. గోదావరిని ఎగువదాక పడవలకు అనువుచేసి, నడిమి దేశపు ప్రత్తిని నదిమీదుగా సముద్రమునకు చేర్చవలెనని. దుమ్ముగూడెము, ఇంచంపల్లి, దేవలమర్రి అను మూడు తావులందు రాతిబండలు దారికి అడ్డము. మొదటి అడ్డమును తప్పించు పనికై హేగ్ కప్తాను దుమ్ముగూడెము చేరెను.

అది కోయల సీమ. చుట్టును అడవి. మన్యపుజ్వరము దొరను, కూలిని ఒకే తీరున పట్టెడిది. అట్టిచోట అంతమంది పనివారికి తిండిగింజలు సమకూర్చుట రాతిపనికంటె తక్కువ పని కాదు. ఆ సరఫరాశాఖకు పెద్దగా నుండినవారు ఐ. వెంకటరామరాజుగారు.

హేగ్ తన తోటి యుద్యోగులతో గూడి ప్రార్థన చేయుచుండెను. కోయలకొక బోధకుని పంపుమని చర్చి మిషనరీ సొసైటీని వేడుకొనెను. వెంటనే పంపుటకు మనిషి దొరకలేదు. దొరికినవాడు బయటినుండి రాలేదు. ఆ కచేరీలోనే, బియ్యపు లెక్కలు చూచుచుండిన రాజుగారే క్రైస్తవుడై బాప్తిస్మము పొందిరి.

ఇచ్చట ఒక ప్రశ్న దాటిపోరాదు. విక్టోరియా రాణి 1858 నవంబరు 1వ తేదీ ప్రకటనలో, ప్రజల మతవిశ్వాసములలో అధికారులెవ్వరును జోక్యము చేసికొనరాదని కఠినముగా శాసించెను. హేగ్ ఆ రాణి సేవకుడే. పై యధికారి ప్రార్థనకు కూర్చున్నపుడు క్రింది యుద్యోగి వచ్చి ప్రక్కన కూర్చుండిన, అది భక్తియా, భయమా? కచేరీ జీవితమెరిగిన వారికి ఈ చిక్కు వివరింపనక్కరలేదు. దొర మెచ్చిన గ్రంథమును గుమాస్తాయు మెచ్చుట లోకములో క్రొత్త కాదు. హేగ్ మంచివాడగుటచేత మాత్రమే ఈ సందేహము తీరదు. అధికారి యెంత మంచివాడైనను అతని కుర్చీ కుర్చీయే.

ఆ సందేహమును తీర్చినది రాజుగారి నడత. దొర దయను కోరినవాడు దొర కచేరీని వదలడు. రాజుగారు వదలిరి. శాఖాధిపత్యమును, దానితో వచ్చు జీతమును విడిచి, కోయలకు బోధకుడై నిలిచిరి. అట్టి కులీనునికి ఆనాడు బాప్తిస్మమనగా బంధువుల పంక్తికి దూరమగుటయే. పైగా ఆయన పూనిన పని రాజులకు గాని గుమాస్తాలకు గాని గౌరవము తెచ్చునది కాదు. తరువాత గురుపట్టమును పొందిరి. జాన్ కెయిన్ అను ఆంగ్ల మిషనరీ వచ్చి అచ్చటి పనిలో చేరెను. 1870ల దశకమున ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో కోయలను గూర్చి వ్రాసిన కెయిన్ ఈయనయే.

ఇక నదిపనుల సంగతి. ఖర్చు పెరిగెను, ఫలము కనబడలేదు. 1871లో ప్రభుత్వము ఆ పథకమునే విడిచెను. ఇంజనీర్లు వేరుచోట్లకు పోయిరి. బయలుదేరదీసిన అధికారి వెళ్లినంతనే కచేరీ సంఘములు చెదరుట సామాన్యము. భజనసంఘమైనను, నాటకసంఘమైనను, ప్రార్థనాసంఘమైనను అంతే. దుమ్ముగూడెమున అట్లు జరుగలేదు. ఏలయన రాజుగారికి బదిలీ ఉత్తరువు పంపుటకు ఏ శాఖకును అధికారము లేదు.

1874లో ఆ సీమ మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానికి మారెను. దస్తావేజులు ఒక కచేరీనుండి మరియొక కచేరీకి చేరెను. రాజుగారు మాత్రము కోయల నడుమనే యుండిరి.