ముక్కు అనే సంత్రీ
మురుగు శుద్ధి కేంద్రాల్లో వాసన - గాలి అయనీకరణ
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మురుగు వాసన గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. మనలో చాలామంది రిటైరయ్యాక అపార్టుమెంటు సంఘాల్లో కార్యదర్శులుగా, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో ఎస్టేట్ సూపర్‌వైజర్లుగా, సెక్యూరిటీ ఇన్‌ఛార్జిలుగా ఉన్నాం. ఆ కాంపౌండులో ఎస్.టి.పి. ఉంటే అది కూడా మన నెత్తి మీదకే వస్తుంది. "ఫౌజీ మనిషి కదా, చూసుకుంటాడులే" అంటారు. చూసుకోవాలంటే ముందు తెలియాలి కదా.

మన హైదరాబాదు అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం ఉంది. నాగోలులో 172 మిలియన్ లీటర్లది ఉంది. బెంగళూరులోనైతే పెద్ద పెద్ద అపార్టుమెంట్ల సెల్లారులోనే చిన్న ఎస్.టి.పి. పెడుతున్నారు. పెద్దదైనా చిన్నదైనా కంపు పుట్టే పద్ధతి ఒకటే.

మురుగు నీటికి గాలి ఆడుతున్నంతసేపు పెద్దగా కంపు ఉండదు. నీరు నిలవై, ఆక్సిజన్ అయిపోయాక ఇంకో రకం బాక్టీరియా పనికి దిగుతుంది. నీటిలోని సల్ఫేటును వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడును వదులుతుంది. మురిగిన కోడిగుడ్డు వాసన అదే. దానికి అమ్మోనియా, మెర్కాప్టన్‌లు తోడవుతాయి. మురుగు వచ్చి చేరే సంపు, జల్లెడ గది, బురద ట్యాంకు - ఈ మూడు చోట్లా కంపు ఎక్కువ.

ఇక అయనీకరణ సంగతి. పిడుగు పడిన తర్వాత గాలిలో ఒక ఘాటు వాసన వస్తుంది, గమనించే ఉంటారు. ఆ వాసన గల వాయువుకు 1840లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త ఓజోన్ అని పేరు పెట్టాడు. 1857లో వెర్నర్ సీమెన్స్ రెండు గాజు గొట్టాల మధ్య గాలిని పంపి, ఎక్కువ వోల్టేజి విద్యుత్తుతో ఓజోన్ తయారు చేసే పరికరం చేశాడు. నేటి అయనీకరణ యంత్రాల్లో చాలావరకు ఆ గొట్టానికి మనుమలే. గాజు గొట్టం లోపలా బయటా లోహపు జాలీ ఉంటుంది, మధ్య కొన్ని వేల వోల్టులు ఇస్తారు. పక్క నుంచి పోయే గాలిలోని ఆక్సిజన్ అణువుల్లో కొన్ని ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటాయి, కొన్ని అదనంగా తెచ్చుకుంటాయి. ఇవే అయాన్లు. ఇవి, వీటితోపాటు పుట్టే ఇతర చురుకైన కణాలు హైడ్రోజన్ సల్ఫైడును తాకి గంధకంగా, సల్ఫేటుగా మారుస్తాయి. అంటే అత్తరు చల్లి కంపును కప్పిపెట్టడం కాదు, కంపు పదార్థాన్నే మార్చడం. ఇది నిజమే, మోసం కాదు.

దీని లాభాలు చెబుతాను. రసాయనాల డ్రమ్ములు మొయ్యనక్కర లేదు. స్క్రబ్బరుకైతే కాస్టిక్ సోడా, హైపోక్లోరైట్ నిలవ పెట్టుకోవాలి, దీనికి అవసరం లేదు. కరెంటు ఖర్చు తక్కువ, స్థలమూ తక్కువే. జల్లెడ గది లాంటి మూసిన గదిలో, వాయువు తక్కువ మోతాదులో ఉన్నచోట బాగా పనిచేస్తుంది.

దీని హద్దులు కూడా చెప్పాలి. అయాన్ల ఆయుష్షు చాలా తక్కువ, కొన్ని క్షణాలే. అందుకే పైన ఆకాశం తప్ప మూత లేని ట్యాంకు మీద ఇది గాలిలో కత్తి తిప్పినట్టే. వాయువు మోతాదు ఎక్కువైతే ఇది ఒక్కటే నెగ్గలేదు. వెనక యాక్టివేటెడ్ కార్బన్ గానీ, ముందు బయోఫిల్టర్ గానీ ఉండాలి. గొట్టాల మీద దుమ్ము, తేమ పేరుకుంటే పని మందగిస్తుంది. వీటితోపాటు కాస్తో కూస్తో ఓజోన్ పుడుతుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలులో 8 గంటల పనికి ఓజోన్ హద్దు 0.1 పి.పి.ఎం. అని, హైడ్రోజన్ సల్ఫైడుకు 10 పి.పి.ఎం. అని ఇచ్చారు. ఇంకొకటి. బురద ట్యాంకులో మీథేన్ పుడుతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. అక్కడ వేల వోల్టుల పెట్టెను బిగించకూడదు.

ఇప్పుడు అసలు మాట.

ముక్కు మన సంత్రీ. హైడ్రోజన్ సల్ఫైడు ఒక పి.పి.ఎం.లో వందో వంతు ఉన్నా చాలామంది పసిగట్టేస్తారు. కానీ ఈ సంత్రీకి ఒక బలహీనత ఉంది. మోతాదు 100 పి.పి.ఎం. దగ్గరికి వచ్చేసరికి కొద్ది నిమిషాల్లోనే వాసన పట్టే శక్తి చచ్చిపోతుంది. "వాసన తగ్గిందిరా" అనుకుంటాం. తగ్గింది వాసన కాదు, మన ముక్కు. 700 దాటితే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. ఈ వాయువు గాలికన్నా బరువు కనుక సంపు అడుగున కూర్చుంటుంది. పైన గదిలో అయాన్ యంత్రం తిరుగుతూ కమ్మగా ఉన్నా, పది అడుగుల కింద బురద కదిపితే బుడగలుగా పైకొస్తుంది. గదిలోని యంత్రం గుంతను కాపాడదు. నేను భయపడేది ఇందుకే. కంపు పోయిన ప్లాంటులో జనం ధైర్యంగా దిగుతారు.

మనవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది. బడ్డీ పడిపోతే వెనకా ముందూ చూడకుండా దూకడం మనకు నేర్పిన గుణం. సరిహద్దులో అది శౌర్యం. సంపులో అది రెండో చావు. మన దేశంలో ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి కోసం ఇంకొకరు దిగి, ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మీరంతా పేపర్లలో చదివినవే. పోయేవాళ్ళంతా దాదాపు పేదవాళ్ళే.

చట్టం ఏమంటోందో వినండి. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సీవరులోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నేరం చేసింది. సీవరు చావులకు 10 లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ 2014 తీర్పు తెచ్చిన సఫాయి కర్మచారి ఆందోళన్ వ్యవస్థాపకుల్లో ఒకరు బెజవాడ విల్సన్ గారు. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన మన తెలుగువాడు. 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు.

కాబట్టి అయాన్ యంత్రం పెట్టించండి, నేను వద్దనను. కానీ ముందు మూల కారణం చూడండి. గాలి ఊదే బ్లోయర్ సరిగా నడుస్తోందా? కరెంటు బిల్లు మిగలాలని రాత్రిపూట ఆపేస్తున్నారా? బురద సకాలంలో తీస్తున్నారా? సంపుకు మూత, ఎగ్జాస్ట్ ఉన్నాయా? సగం కంపు ఇక్కడే పోతుంది. 1858లో లండన్‌లో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు కిటికీ తెరలను బ్లీచింగ్ ద్రావణంలో తడిపి వేలాడదీశారు. కంపు పోలేదు. బాజల్‌జెట్ అనే ఇంజనీరు మురుగు కాలువలు వేశాకే పోయింది.

రెండో పని ఎస్.ఓ.పి. ఒక్క కాగితం మీద రాసి గోడకు అంటించండి. నాలుగు వాయువులను కొలిచే మీటరును తాడుకు కట్టి కిందికి దించి చూడకుండా ఎవరూ దిగకూడదు. గాలి పంపే బ్లోయర్, బెల్టు, తాడు, ట్రైపాడ్ ఉండాలి. పైన ఒక మనిషి కదలకుండా నిలబడాలి. కిందివాడు పడిపోతే పైవాడు దూకకూడదు, తాడు లాగాలి. వీలైనంతవరకు అసలు మనిషే దిగకుండా యంత్రంతో చేయించాలి. మీటరు ఖర్చు ఎక్కువని కమిటీలో ఎవరైనా అంటే, ఫౌజీలుగా మీరు లేచి గట్టిగా చెప్పండి.

మన జవాన్లను డ్యూటీకి పంపేటప్పుడు హెల్మెట్ లేకుండా పంపలేదు. మన కాంపౌండులో పనిచేసే కుర్రవాడు కూడా ఒక ఇంటి జవానే. సాయంత్రానికి వాడు ఇంటికి చేరాలి.  జైహింద్.