లారీకి చమురు పథ్యము

సొంత లారీ గల కుటుంబమునకు అదియే కాడి, అదియే పొలము. దాని బలమును ఇంటి వాకిటనే పెంచుకొనవలెనను కోరిక సహజము. పంపు మరను కొంచెము తిప్పి చమురు పెంచిన చాలునని కొందరు నమ్ముదురు. గాలి పెరుగక చమురు మాత్రమే పెరిగినచో అది పూర్తిగా కాలదు. నల్లని పొగయై మన సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డు మీదనే మిగులును.

డీజిల్ యంత్రమునకు నిప్పురవ్వతో పని లేదు. సిలిండరులో అణచబడిన గాలి వేడికే చమురు అంటుకొనును. 1900 పారిస్ ప్రదర్శనలో ఇట్టి యంత్రమొకటి వేరుసెనగ నూనెతోనే నడచినది. నేటి కామన్ రైలు యంత్రములు అంత సహనము గలవి కావు. వానిలో చమురు వాతావరణ పీడనమునకు వేయిరెట్లు మించిన ఒత్తిడితో చిమ్మబడును. ఇంజెక్టరు చెడుటకు వెంట్రుక కన్న సన్నని నలుసు చాలును.

కనుక ఇంట చేయదగినవి మూడు: నీటిని వేరుచేయు మంచి ఫిల్టరు అమర్చుట, టాంకు వైపు ఎండిన రబ్బరు గొట్టములను మార్చుట, పిమ్మట చేతిపంపు గల బండ్లలో దానిని నొక్కి గొట్టములలోని గాలిని వెడలించుట. ఇంజను నడచుచుండగా చమురు కారు చోటును వ్రేలితో తడుమరాదు. ఆ ధార చర్మమును చీల్చి లోనికి పోవును. గాయము చీమ కుట్టినంతయే అయినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

పంపును, ఇంజెక్టర్లను పరీక్షాయంత్రము గల నిపుణునికే విడువుడు. నమోదు పత్రములోని వివరములు తయారీదారు ఇచ్చినవానికి భిన్నమగునట్లు బండిని మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. సందేహమున్నచో ఖైరతాబాదు రవాణా కార్యాలయములో ముందుగా అడుగుడు.

ఈ ఆదివారము ఫిల్టరు మార్చుడు. మరను మాత్రము ముట్టకుడు.